నాలుగు మార్కులు

వాడి పేరు నెర్గూయ్.
మా మంగోల్ మాటలో, పేరు లేనివాడు.
ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే
మృత్యువుకి పిలవడం చేతకాకూడదని
తల్లి పెట్టుకున్న పేరు.

కేంద్రంలో అమ్మాయి కాయితం నింపుతూ
"పేరు?" అంది.
"లేనివాడు" అన్నాడు.
ఆమె నవ్వింది. నేను నవ్వలేదు.
ముప్పై ఒక్కేళ్ళు రైల్వే సిగ్నల్ గదిలో కూర్చున్నదాన్ని,
మాట అటూ ఇటూ అయితే
నవ్వడం నాకు అలవాటు కాలేదు.

శనివారం శనివారం లెక్కలు చెప్పాలి, అంతే ఒప్పందం.
మొదటివారం డజను పెన్సిళ్ళు పట్టుకెళ్ళాను.
రెండోవారం ఒక ఉపన్యాసం పట్టుకెళ్ళాను,
కష్టపడితే పైకొస్తావని.
వాడు చలికి పగిలిన పెదవి తడుపుకుని
"మేముండేది పైనేనండీ,
నీళ్ళే కిందుంటాయి" అన్నాడు.

తరవాత మూడు వారాలు రాలేదు.

తిట్టాలనే ఎక్కాను ఆ గుట్ట.
ఉలాన్‌బాతర్ మొత్తం బొగ్గుపొగ కింద దాక్కుంది,
ఊపిరి కనుబొమల మీద మంచై పేరుకుంది.
నీళ్ళగది ముందు వరసలో కనిపించాడు,
బండి మీద మూడు డబ్బాలు,
డబ్బాకి ఇరవై లీటర్లు,
గుడారంలో నాయనమ్మకి ఉబ్బసం.
తెచ్చుకున్న తిట్లన్నీ
నోట్లోనే గడ్డకట్టాయి.

చేసేదేం లేక వాడి పక్కన నిలబడ్డాను.
నిలబడి చేసేదేం లేక
మేకుతో డబ్బా మంచు మీద త్రిభుజం గీశాను:
ఇది గుట్ట, ఇది నీ బండి,
అరవై లీటర్లు నిన్ను ఎంత బలంగా వెనక్కి లాగుతాయో చెప్పు.
వాడు చెప్పేలోపే
వెనకనున్న బొగ్గు ఉండల ఖొర్లో చెప్పింది.
తప్పే చెప్పింది, ఎంతో ధీమాగా.
వరసంతా తలా ఒక అంకె వేసింది.

ఆ రోజు నుంచి మా బడి అదే.
బల్ల లేదు, గంట లేదు,
కుళాయి గడ్డకట్టిన రోజు రెండు పాఠాలు.

ఒకసారి, పోనీ పాపమని,
బండి నేనూ తోశాను.
మూడో మలుపులో గుండె గొంతులోకొచ్చింది.
వాడేమీ అనలేదు.
అలవాటుగా వంగి
చక్రం వెనక ఒక రాయి పెట్టాడు.
చూస్తూ ఉండిపోయాను ఆ రాయిని.
అది బండిని లాగదు.
జారనివ్వదు.

జూన్‌లో పాలిటెక్నిక్ గోడ మీద జాబితా అంటించారు.
వేలితో పైనుంచి కిందికి, కిందనుంచి పైకి.
పేరు లేనివాడి పేరు లేదు.
నాలుగు మార్కులు తక్కువ.
అద్దం పగలగొడదామన్నంత కోపం నాకు.
వాడే నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు:
"నాలుగేగా. నీళ్ళగది ఇంకా దూరం."

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది,
వాడి మంచితనం మీద.
కానీ ప్రశ్నపత్రం తెచ్చుకుని
రాత్రి దీపం కింద చూశాను.
పోయిన నాలుగూ లాగరిథమ్స్‌వి.
నేను దాటేసిన పాఠం.
నాకు రాదు కనక,
పరీక్షలో రాదులే అని చెప్పిన పాఠం.

ఆ మాట గొంతు దాటడానికి
ఆగస్టు దాకా పట్టింది.
ఉప్పు వేసిన పాల చాయ్ రెండుసార్లు చల్లారింది.
చెప్పాను.
"తెలుసండీ" అన్నాడు.
"ఆ పేజీలు మీరు
ఒకేసారి నాలుగు తిప్పారు."

మరెందుకు అడగలేదురా అంటే
భుజాలెగరేశాడు.
అడిగితే
మీరు రావడం మానేస్తారేమో అనుకున్నా, అని
బండికి తాడు కట్టుకుంటూ అన్నాడు.

ఈ శనివారం సున్నాకి ఇరవై ఎనిమిది కింద.
మా ముందు పదకొండు మంది.
అరవై నాలుగేళ్ళ దాన్ని, చేతి తొడుగు పళ్ళతో లాగి
మేకు పట్టుకున్నాను.
వాడు అడుగుతున్నాడు.
నేను వెతుక్కుంటున్నాను జవాబు.
ఖొర్లో ఏదో అంకె అందిస్తోంది, నమ్మకూడదు.
వరస ఒకడుగు కదిలింది.
వాడు బండి జరిపి,
రాయిని కూడా
కాలితో ముందుకి జరిపాడు.