శేషం సున్నా రావాలి

బల్లారట్‌లో జులై నెల.
లాండ్రీ గదిలో పాత కంప్యూటర్ ఒకటి
యాభై రెండు రోజులుగా ఒకే లెక్క చేస్తోంది.
దాని వీపు మీద మేజోళ్లు ఆరేస్తాను.
ఇంట్లో అన్నిటికన్నా వెచ్చని చోటు అదే.

లెక్క పెట్టింది పక్కింటి ముసలాయన ట్రెంబాత్.
రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఫిట్టరు.
కరెంటు బిల్లు చూసి భార్య కేకలేస్తే
సంఖ్యని తెచ్చి మా ఇంట్లో దింపాడు,
కాందిశీకుణ్ణి దింపినట్టు.

రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది,
అలా పదమూడు కోట్ల మెట్లెక్కి
చివర్న ఒకటి తీసెయ్యాలి.
"అంతే" అన్నాడు, నట్టు బిగించినంత తేలిగ్గా.
పదుల్లో రాస్తే నాలుగు కోట్లకి కాస్త తక్కువ అంకెలు.
రెళ్లలో రాస్తే మాత్రం అన్నీ ఒకట్లే,
ఊరి బయట సైనికుల పేర నాటిన చెట్ల బారులా
ఒకటి పక్కన ఒకటి పక్కన ఒకటి.
మధ్యలో ఒక్క సున్నా కూడా పడిపోలేదు.

ఆ బారుని సమానమైన గుంపులుగా విడగొట్టగలిగితే
సంఖ్య కూడా విరుగుతుందట.
అందుకని ఒకట్ల లెక్క ముందు ప్రధానం కావాలి.
అయినా చాలదు.
పదకొండు ఒకట్లు నిలబెట్టి చూడండి:
రెండువేల నలభై ఏడు.
పైకి ఎంత గంభీరం!
లోపల ఇరవైమూడూ ఎనభైతొమ్మిదీ
చేతులు పట్టుకుని కూచునుంటాయి.

పరీక్ష నాలుగుతో మొదలు.
వర్గం చెయ్యి, రెండు తియ్యి,
పెద్దదాంతో భాగించి శేషం ఉంచుకో.
మళ్లీ వర్గం. మళ్లీ రెండు.
ఆఖరి శేషం సున్నా అయితే అది ప్రధాన సంఖ్య.

నేను ఫార్మసీలో మాత్రలు లెక్కపెడతాను,
ఐదేసి చొప్పున పక్కకి తోస్తూ.
ట్రేలో ఒక్కటి మిగిలిందంటే
ఎవరి సీసాలోనో ఒకటి తగ్గిందని భయం.
సున్నా కోసం ఎదురుచూడడం నాకు కొత్త కాదు.

ముప్పై ఆరో రోజు గాలివానకి కరెంటు పోయింది.
ట్రెంబాత్ పైజామాలోనే కంచె దాటి వచ్చాడు, టార్చితో.
"పోలేదు, పోలేదు, అరగంట కిందటి శేషం దాచుకుంది"
అని కంప్యూటర్ని తట్టాడు, ఈనిన ఆవుని తట్టినట్టు.

నిన్న సాయంత్రం లెక్క తెగింది.
సున్నా కాదు.
పదహారు గుర్తుల ముక్కేదో తెర మీద మిగిలింది.
అంటే ఆ సంఖ్యకి కారణాంకాలున్నాయి.
ఏవి? తెలీదు.
తలుపు వెనక ఎవరో దగ్గారు,
మొహం కనబడలేదు.
మా భాషలో ఆ మాట లోపలే కారణం ఉందని
ఆయనకి చెబుదామనుకుని,
ఇంగ్లీషులో ఎలాగో తోచక
టీ పెట్టాను.

ట్రెంబాత్ నోటుపుస్తకంలో అడ్డగీత కొట్టాడు.
"సరే, అక్కడ ఇంకెవరూ తవ్వక్కర్లేదు."
బంగారం గోతుల దగ్గర వాళ్ల ముత్తాత
అదే గొంతుతో అనుంటాడు.

కొత్త సంఖ్య ఎక్కించాం. మళ్లీ నాలుగు.
నాలుగు నాలుగుల పదహారు, రెండు పోతే పధ్నాలుగు.
నూట తొంభై నాలుగు దాకా
నేనూ నోటిలెక్కతో వెంట వెళ్లాను.
తర్వాత అది ఒంటరిగా పోయింది.

మేజోళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.