రెండో గుటక

వాల్పరాయిసోలో మా కొండ లిఫ్టుకి
రెండు పెట్టెలు, ఒకటే ఇనుప తాడు.
ఒకటి దిగితేనే ఇంకోటి ఎక్కుతుంది.
ఇరవై ఆరేళ్లుగా మీట దగ్గర కూర్చుని
దింపడమే నా పని.

దిగనిది రొట్టె.
పోయిన ఆగస్టులో, టీలో ముంచిన ముక్క,
గొంతు దాటింది, రొమ్ము దాటలేదు.
అక్కడే నిలబడిపోయింది
టికెట్టు లేని మనిషిలా.

లేచాను. చేతులు రెండూ పైకెత్తాను.
నీళ్లు ఒక గుటక, గాలి ఒక గుటక.
జారింది.
కిటికీలోంచి మెకానిక్ గాల్వరీనో చూసి
"ఎవరికి లొంగిపోతున్నావు, నోల్బెర్తో?" అన్నాడు.

అప్పట్నుంచి రోజూ లొంగిపోతూనే ఉన్నాను.

మొదటి డాక్టరు తలెత్తకుండానే
బెంగ అని రాశాడు.
రెండో ఆయన పులితేన్పులన్నాడు,
మంచం తలవైపు ఇటుకలు పెట్టమన్నాడు.
పెట్టాను. నెల్లాళ్లు నిద్రలో కిందికి జారుతూ
మా పెట్టెలాగే పడుకున్నాను.
ముక్కులోంచి కెమెరా దింపినావిడ
"మీ స్వరపేటిక ఎంత బాగుందో!" అంది.
థాంక్స్ చెప్పాను. ఇంకేం చెప్పను?
మా అక్క ఒర్తెన్సియా బోల్దో ఆకు కాచి ఇచ్చి
"చిన్నప్పట్నుంచీ నువ్వు మాటలు మింగే రకం,
అవే అడ్డం పడ్డాయి" అని తేల్చేసింది.
కావచ్చు. కానీ అక్కా,
మాటలైతే నీళ్లకి దిగవు కదా.

పదకొండు కిలోలు పోయాయి.
బెల్టుకి మేకుతో నేనే బెజ్జాలు పొడుచుకున్నాను.
నాణేలు ఇస్తూ కొండ మీదివాళ్లు
"సన్నబడ్డావు, బాగున్నావు" అంటారు.
మేనకోడలి పెళ్లిలో అందరూ మాంసం కోసుకుంటుంటే
నేను మరుగుదొడ్డిలో, చేతులు పైకెత్తి,
అద్దంలో వాడికేసి చూస్తూ.
వాడు నాకేసి.
బయట ఎవరో తలుపు కొట్టారు.

రాత్రిళ్లు ఆ జబ్బు పేరు, అందరికీ తెలిసిన పేరు,
వచ్చి మంచం అంచున కూర్చునేది.
నేను పలకరించలేదు.
గొట్టం వేసి చూసిన రోజు
"శుభ్రంగా ఉంది, గడ్డలేం లేవు" అన్నారు.
మెట్లు దిగి, బండి దగ్గర
వేడివేడి ఎంపనాద కొన్నాను పండగలా.
మూడో ముక్క ఆగింది.

ఇప్పటి డాక్టరమ్మ పేరు యులేసి. వెనెజులా పిల్ల.
ముప్ఫై ఉంటాయో లేదో.
"నీళ్లు కూడానా?
తిన్నది ఎంతసేపటికి తిరిగొస్తోంది?
ఎక్కడ ఆగుతుందో వేలు పెట్టి చూపించండి."
చూపించాను. ఎనిమిది నెలల్లో
నా వేలిని ఎవరైనా చూడటం అదే.

నిలబెట్టి, వెల్ల సున్నంలాంటి మందు చేతికిచ్చి
మింగమన్నారు.
తెర మీద నా లోపలి దారి.
తెల్లగా దిగుతూ, దిగుతూ,
అడుగున సన్నబడి
పిచ్చుక ముక్కులా మొనదేలి
ఆగిపోయింది.
"అదిగో!" అన్నాను పైకే.
అద్దం వెనక కుర్రాడు "కదలకండి" అన్నాడు.
ఎలా కదలకుండా ఉంటాను బాబూ?
నేను చెప్పింది చెప్పినట్టు, అక్కడ,
నాకంటే బాగా చెబుతోంది.

యులేసి బొమ్మలు వెలుగుకి పెట్టి చాలాసేపు చూసింది.
"ఒకటి అనుకుంటున్నాను. కండరం బిగువు కొలిచాకే
పేరు పెడతాను. ఇప్పటికైతే తెలీదు."
తెలీదన్న డాక్టర్ని చూడటం మొదటిసారి.
లేచి చెయ్యి కలిపాను.
ఆమె చెయ్యి చల్లగా ఉంది.

పరీక్ష జూలై పంతొమ్మిదిన.
కాగితం మీట పక్కన అంటించాను.
ఈ సాయంత్రం పొగమంచులో
పెట్టె సగం దారిలో కుదిపి ఆగింది.
లోపల ఒక ముసలావిడ, ఉల్లిపాయల సంచి.
"భయపడకండి, ఇక్కడే ఉన్నాను" అన్నాను మైకులో.
కొంచెం పైకి లాగి, మెల్లగా వదిలాను.

థర్మాస్ మూత తీశాను.
ఒక గుటక.
ఆగాను.
రెండో గుటక.