తరుగు

మిర్చి యార్డులో ఇరవై తొమ్మిదేళ్ళు
కాటా పక్కన కూర్చుని రాసినవాణ్ణి.
టిక్కీ ఎక్కాక ముల్లు ఊగి ఊగి నిలిచేలోపే
అంకె నా నోట్లోంచి వచ్చేసేది.
నలభై రెండున్నర. నలభై ఒకటీ ముప్పావు.
తరుగు కిలో.
హమాలీ వీపు మీంచి బస్తా దిగే చప్పుడూ
నా గొంతూ ఒక్కసారే.

ముందు పోయింది ఆ గొంతే.
పొద్దున పదింటికి కంచు,
మూడయ్యేసరికి ముక్కులోంచి మూలుగు.
"ఏం తాగొచ్చావు ఏసోబూ?" అన్నాడు
నరసరావుపేట వైపు నుంచొచ్చిన రైతు.
ఘాటుకే రెప్పలు వాలుతున్నాయనుకున్నాను,
యార్డులో ఎవరి కళ్ళు సరిగ్గా తెరుచుకుంటాయి గనక.
ఒకనాడు కాటా మీద రెండు ముళ్ళు కనబడ్డాయి.
రెండూ నిజమే చెబుతున్నట్టు నిలబడ్డాయి.

పెద్దాసుపత్రిలో పేరు పెట్టారు,
మయస్థీనియా గ్రావిస్.
కరుణమ్మ దాన్ని మూడుసార్లు నమిలి
"మేస్త్రీ జబ్బు" అని ఖాయం చేసింది.
"నరం చెబుతుంది, కండ వినిపించుకోదు" అన్నాడు కుర్ర డాక్టరు.
ఇంట్లో నా మాటలాగే, అనుకున్నాను గానీ
నవ్వడానికి పెదవులు చాలలేదు.

నాలుగు గంటలకోసారి మాత్ర.
దానికి తోడు స్టెరాయిడు.
స్టెరాయిడు రెప్పని ఎత్తింది,
రెప్పతో పాటు షుగర్నీ ఎత్తింది.
బిళ్ళతో, మెంతిపిండితో సర్దుకుపోయేది కాస్తా
మూడొందల ఎనభై.
తగ్గిస్తే కన్ను మూతపడుతుంది,
ఉంచితే రక్తం పాకమవుతుంది.
నరాల డాక్టరు రెండో అంతస్తు,
షుగరు డాక్టరు పక్క బిల్డింగు.
మధ్యలో మెట్లు,
అవి మాత్రం నావి.

మొన్న బుధవారం రాత్రి
నాలుగు ఇడ్లీల లెక్కకి సూది పడింది,
పొట్ట మీద, పన్నెండు యూనిట్లు, కరుణమ్మ చేత్తోనే.
రెండో ఇడ్లీ దగ్గర దవడ
కూలి గిట్టని హమాలీలా కూలబడిపోయింది.
గడ్డం కింద చెయ్యి పెట్టి ఎత్తి నమిలాను.
సగం. ఆ సగంలో సగం.
సూదికి కట్టాల్సిన బాకీ
పళ్ళెంలోనే ఉండిపోయింది.

మూడింటికి మెలకువ.
దిండు తడి. చేతులు నావి కావు.
ఇది మేస్త్రీ పనా, చక్కెర పనా?
ఇద్దరూ ఒకే తలుపు తడతారు,
ఒకే పేరు చెబుతారు.
మీటరు తెచ్చి మొహం ముందు పెట్టింది.
వేలితో రెప్ప లేపి చూశాను.
యాభై రెండు.
పక్కనే ఇంకో యాభై రెండు.
గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది,
కూడేశాను.
నూట నాలుగు. దివ్యంగా ఉంది.

పైకి ఎలా వినబడిందో ఏమో
తన అరచేత్తో నా ఎడమ కన్ను మూసి
"ఇప్పుడు చదువు" అంది.

పంచదార నీళ్ళు ముక్కులోంచి వచ్చేశాయి.
అప్పుడు తేనె, చూపుడు వేలి మీద,
బుగ్గ లోపల, చిగుళ్ళ వెంట,
పసిబిడ్డకి నాకించినట్టు కాదు,
తుప్పు పట్టిన కాటాకి నూనె పట్టించినట్టు.
చుట్టుగుంట వైపు లారీలు మొదలయ్యాయి.
కిటికీలోంచి ఘాటు.
తను తుమ్మింది. నాకు ఆ శక్తి కూడా లేదు.

ఆ ఘాటులోనే గుర్తొచ్చింది.
తరుగు కిలో అని రాయాల్సిన చోట
కొన్నాళ్ళు కిలోన్నర రాశాను.
షావుకారు చెప్పాడు, నేను రాశాను.
దానికిది శిక్ష అనను.
శిక్షే అయితే షావుకారు రెప్పలు
ఇవాళ్టికీ అంత నిటారుగా ఎందుకుంటాయి?
కాకపోతే లోపలెవరో కూర్చుని
రోజూ ఇంత కొట్టేస్తున్నారు, రసీదు లేకుండా.
కాటా వైపు చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయిన
ఆ రైతు మొహం
ఇప్పుడు నా అద్దంలో ఉంది.

కరుణమ్మ పాత చిట్టా తీసింది, యార్డుదే.
తేజ అని ఉన్న గడిలో మాత్రల వేళలు,
బాడిగ గడిలో సూది యూనిట్లు,
తాలు గడిలో చక్కెర.
తరుగు గడి ఖాళీగా వదిలేసింది.

ఐదుంబావుకి మళ్ళీ వేలు పొడిచింది.
నూట పద్దెనిమిది.
నాకు ఒక్కటే కనబడింది, చెప్పాను.
నమ్మలేదు.
దీపం దగ్గరికి వెళ్ళి
ఏ జబ్బూ లేని తన కన్ను ఒకటి మూసుకుని
తనూ చదివింది.