గుంట పడింది

గుణుపురం బస్టాండు పక్క జిరాక్సు షాపులో
షట్టరు సగం దించేసి
నా ఆట కడుపు కోసి
మాటలు బయటికి తీస్తన్నాను.

మూడేళ్లు కట్టిన ఆట. పేరు పనసకొండ.
ఒక గుంట కొండెక్కుతాది,
పనసకాయలేరుతాది,
ఎలుగొస్తే చెట్టెక్కుతాది
(ఎలుగూ ఎక్కుతాది, అదే తమాషా),
వంశధార దాటితే గెలిచినట్టు.

కట్టినప్పుడంతా తొందర.
మాట తట్టిన చోటే మాట కూరేశాను,
గోడలో రాయితోపాటు గాజుపెంకు కలిపేసినట్టు.
ఇప్పుడు ఒక్కోటీ గోటితో గీకి తీసి
వరసగా పట్టీలో పెట్టాలి.
ఎడమ పక్క నా మాట,
కుడి పక్క ఖాళీ.
ఆ ఖాళీ నాది కాదు.

ఒడియాలోకి రంజిత పాఢీ చేస్తానంది,
బరంపురంలో నర్సింగు, రాత్రి డ్యూటీ మధ్యలో.
సవరలోకి ఒబెద్ గొమాంగో,
సిగ్నలు కోసం పుట్టాసింగి పైన గుట్టెక్కి.
ఇద్దరికీ పైసా ఇవ్వను, నా దగ్గర లేదు.
డబ్బివ్వలేనోడు
పనైనా తేలిక చెయ్యాలి కదా.

"నీ దగ్గర" ఒక ముక్క,
అంకె ఒక ముక్క,
"పనసకాయలున్నాయి" ఇంకో ముక్క.
అతికితే నాకు వాక్యం.
"తవిటన్నా, మా దాంట్లో ముక్కలిలా నిలబడవు" అన్నాడు ఒబెద్,
"వాక్యం నిండుగా ఇచ్చీ, అంకెకో గూడు వదిలీ.
పదమూడంటే మాకు పన్నెండూ ఒకటీ.
గూడు కాస్త పెద్దది కట్టు."

కట్టాను.
మీటల వెడల్పు పెంచాను.
"వంతెన మూసేశారు" అన్న పలక ఒకటుంది,
అక్షరాలు బొమ్మలోనే గీసేశాను అప్పట్లో,
రంగు కింద వేళ్లు తన్నేశాయి.
తుడవడానికి రెండు రాత్రులు.
ఖాళీ పలక చూస్తే
మా స్టేషను పసుపు బోర్డు గుర్తొచ్చింది.
మూడు లిపుల్లో ఊరి పేరు,
నేను ఇంట్లో సరుకుల చీటీ రాసే లిపి తప్ప.
కోపం కాదు.
గుర్తొచ్చింది, అంతే.

రంజిత పంపిన మొదటి మూట విప్పాను.
నూట పద్నాలుగో వరస.
పిల్ల జారి లోయలో పడితే తెర మీద వచ్చేది,
"గుంట పడింది."
ఆమె ఒడియాలో రాసింది,
నేలలో గొయ్యి ఏర్పడింది.

నవ్వితే షట్టరు బయట కుక్క లేచింది.
పాపం, ఆమె తెలుగు
హాస్టల్లో బెజవాడ పిల్ల దగ్గర నేర్చిందట.
నవ్వు మెల్లగా ఆగింది.
మూడేళ్లు నా పిల్లని గొయ్యిలా వదిలేసింది నేనే,
పక్కన ఒక్క ముక్క రాయకుండా.

పట్టీలో మూడో గడి తెరిచాను.
"గుంట అంటే ఆడపిల్ల. మా వైపు మాట.
ముద్దూ అదే, కసురూ అదే.
తొమ్మిదేళ్లుంటాయి. మోకాలి మీద పాత మచ్చ."
"బేగి అంటే త్వరగా.
ఎలుగు వెనకే ఉంది, పొట్టి మాట చూడండి."
"ఓలమ్మో" దగ్గర చెయ్యాగింది.
ఆటలో పదకొండు చోట్ల ఉంది,
పదకొండు రకాలుగా.

పొద్దున ఆధార్ జిరాక్సుకి వచ్చిన పోలమ్మ పిన్నిని అడిగాను,
"పిన్నీ, ఓలమ్మో అని ఎప్పుడంటావు?"
"ఓలమ్మో, అదేటి అడుగుడురా!"
గడిలో అదే రాశాను, ఎలా అందో అలా.

ఆదివారం ఒబెద్ మూట వచ్చింది.
ఒక్క అక్షరం చదవరాదు నాకు.
ఎక్కించి తిరిగి అతనికే పంపాను.
ఫోన్లో అతని మేనకోడలు ఆడుతున్న చప్పుడు,
ఎలుగు, కొమ్మ, జారుడు,
తర్వాత చిన్న నిశ్శబ్దం,
తర్వాత ఆ పిల్ల పకపకా.

"ఏం రాశావు అక్కడ?"
"మచ్చ ఉందన్నావు కదన్నా.
మళ్లీ అదే మోకాలు! అని రాశాను."

నా వరసలో మోకాలు లేదు.
ఎప్పుడూ లేదు.
నా తెలుగులో కూడా మార్చేద్దామా అని
పట్టీ తెరిచి, చాలాసేపు చూసి, మూసేశాను.

అన్నట్టు, చివరి అక్షరం అంచులో తెగిందట.
గూడు ఇంకో వేలెడు పెంచాలి.