గోడ పలచబడే వేళ

త్రెబోన్ ఊరి చివర, పాత నీటి మిల్లులో మా ప్రయోగశాల.
కింద కాలువ. పైన గాజు గొట్టాల్లో పచ్చని నీళ్లు.
ఒకప్పుడు ఇక్కడ గోధుమలు నలిగేవి,
ఇప్పుడు మేం నలుగుతున్నాం.

నేను వ్లస్తాని. ముప్పై రెండేళ్లుగా
సీసాలు కడుగుతాను, గంజిలాంటి ఆహారం పళ్లేల్లో పోసి గడ్డకట్టిస్తాను.
డాక్టర్లు వస్తారు, పేపర్లు రాసుకుని పోతారు.
నాచు ఉంటుంది. నేనుంటాను.

ఈసారి వచ్చినవాడు రాడిమ్.
కంటికి ఆనని పచ్చ కణంలో
పదకొండు కోట్ల అక్షరాల రాతలో
ఒక్క మాట కొట్టేయాలట.
ఆ మాట పోతే కణం పాలిపోతుంది,
నిమ్మపండు రంగుకు దిగుతుంది.
పని అయిందనడానికి అదే ఆనవాలు.

కత్తెర ఉంది.
ఎక్కడ కత్తిరించాలో చెప్పే పోగూ ఉంది.
లోపలికి పోయే దారే లేదు.

రెండు లోహపు రేకుల మధ్య కణాల్ని నిలబెట్టి
మెరుపు కొట్టించాడు. చచ్చాయి.
మెరుపు తగ్గించాడు. బతికాయి,
ఏమీ ఎరగనట్టు, పచ్చగా.
నలభై డిగ్రీల వేడిలో అరగంట ఉంచాడు,
ఐసులో ముంచాడు,
తిండి మాన్పించాడు, మళ్లీ పెట్టాడు.
వెయ్యి చుక్కలకు రెండు పాలినవి.
వారం పోయాక, మూడు.
ఆ పెరిగిన ఒక్కదానికి
మా అందరికీ బీరు పోయించాడు, పాపం.

లెక్కపెట్టేది నేనే.
బొటనవేలి కింద మీట టక్కుమంటుంది,
పచ్చ, పచ్చ, పచ్చ, పచ్చ,
రాత్రి కళ్లు మూసుకున్నా పచ్చ.

కార్తీకపు పొగమంచులాంటి మంచు మా చెరువుల మీదా దిగుతుంది.
నవంబరులో నా మొగుడు లుబోర్ కార్ప్ చేపలు పట్టడానికి పోతాడు.
వాళ్లు ముందు వల వెయ్యరు.
తూము ఎత్తి కూచుంటారు, రోజుల తరబడి,
నీళ్లు వాటంతటవే జారిపోయి
చేపలన్నీ ఒక్క గుంటలోకి చేరేదాకా.
"నిండు చెరువుతో కుస్తీ పట్టేవాడు తడుస్తాడు, అంతే"
అన్నాడు బూట్లలోంచి నీళ్లు ఒంపుకుంటూ.
నా పని గురించి కాదు, వాళ్ల కొత్త కుర్రాడి గురించి.

నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

చిన్నప్పుడు రాత్రి డ్యూటీలు నావే.
దీపాలార్పాక సూక్ష్మదర్శినిలో చూసేదాన్ని:
తల్లికణం లోపలే నాలుగవుతుంది, ఎనిమిదవుతుంది,
పిల్లలు ఏదో రసం వదిలి
తల్లి గోడను కరిగించుకుని బయటపడతాయి.
ఆ కాసేపు వాటి ఒళ్లు
పాలమీద మీగడంత పలచన.
తెల్లారి దీపాలు వెలిగితే మళ్లీ కోట కట్టుకుంటాయి.

మర్నాడు రాడిమ్‌తో అన్నాను:
"పదింటికి వచ్చి తలుపు బాదుతున్నావు.
అవి రాత్రి వాటంతటవే తీసి
మళ్లీ గడియ పెట్టుకున్నాక."
ఎగతాళి చేస్తాడనుకున్నా.
పెన్ను మూత నములుతూ,
"ఎన్నింటికి?" అన్నాడు.
"మూడున్నరకి."

మంచు కొరుకుతుంటే సైకిలు మీద పోయాను.
తాళంచెవి చేతికి అతుక్కుంది.
చీకట్లో ఎర్ర టార్చి వెలుగులో, మాటల్లేకుండా,
కత్తెర, పోగు, చిన్న మెరుపు.
చాలా చిన్నది. తలుపు మీద గోటితో మీటినంత.

తొమ్మిది రోజులు.
పదోనాడు పళ్లెం కిటికీకి ఎత్తిపట్టాను.
పచ్చ, పచ్చ, నిమ్మ, పచ్చ, నిమ్మ.
వెయ్యికి ఎనభై ఏడు.
అతను లెక్కపెట్టాడు, నేను లెక్కపెట్టాను,
నమ్మకం చాలక మళ్లీ అతను.

తర్వాత అక్షరాలు చదివించారు.
పందొమ్మిది మా వల్ల పాలినవి కావు,
వాటి బాధేదో వాటిది.
రాడిమ్ ఒక్కొక్కదాని పక్కన అడ్డగీత గీశాడు,
ఒక్కటీ దాచలేదు. అప్పుడు నచ్చాడు నాకు.

మిగిలిన పచ్చవన్నీ బ్లీచిలో పోసి కడిగేశాను.
తొమ్మిది వందల పదమూడు,
తలుపు తీసినా మేం అందుకోలేనివి.

ఇప్పుడు వెయ్యికి ఐదు వందలు కావాలంటున్నాడు.
ఇంకా ఎంతకాలం దింపాలి మీ చెరువు, అని లుబోర్ గొణిగాడు.
నేను అలారం మూడింటికి పెట్టాను.