తేలు బొమ్మ డాలు

నిన్నటినుంచి మంతినేయవాళ్లు మనవాళ్లట.
పందిని కోసి, పెద్దలు ఒట్లు వేసుకున్నారు.
స్పార్టాతో ఇప్పుడు పగ.
పోయినేడు ఎవరితో పగో
ఎవరూ నోరు జారరు.

పండక్కి నన్నూ పిలిచారు.
గుడి గోడకి మేకులు కొట్టి వేలాడదీసిన డాళ్లలో
మూడోది నికాండ్రోస్‌ది.
అంచున సొట్ట. మా కంచరగాడిద తన్నింది,
పెళ్లైన ఏడు.
వేలు పెట్టి చూశాను. పట్టింది.

పక్కన నిలబడ్డావిడ, ఫిలిన్న అట,
తేనెరొట్టె తుంచి నా చేతిలో పెడుతూ
గోడకేసి చూడకుండా అడిగింది:
"మీ తెగెయా గుళ్లో
తేలు బొమ్మ డాలేమైనా ఉందా?"

ఉంది.
ఏటా దానికి దుమ్ము దులిపేది నేనే.
కొండి దగ్గర రంగు లేచిపోయింది.
అదంతా చెప్పలేక
నోట్లో రొట్టె ఉందన్నట్టు
తలూపాను.