చేబదుళ్ల పుస్తకం

స్టోర్సు గది కిటికీలోంచి నాకు రన్‌వే కనిపించదు.
అవ్వ తోక కనిపిస్తుంది.

మూడో నంబరు విమానానికి మేం పెట్టుకున్న పేరు అవ్వ.
ఎగిరి ఏడేళ్లయింది.
ముందు చక్రం ఐదో నంబరుకిచ్చి
ముక్కు కింద ఇనప స్టాండు పెట్టించుకుంది.
హైడ్రాలిక్ పంపు తొమ్మిదికి.
పైలట్ కుర్చీ, రెండు గడియారాలు, ఎడమ రెక్క చివరి దీపం
ఎవరెవరికిచ్చిందో నా పుస్తకంలో ఉంది.
ఇంజనుండాల్సిన చోట పావురాలు కాపురం పెడితే
ప్రతి సోమవారం గూడు తీసేస్తాం.
మంగళవారానికల్లా మళ్లీ పుల్లలు తెచ్చుకుంటాయి.
ఈ లా హోయా ఎడారిలో
అడిగిన సామాను అంత తొందరగా అందేది
వాటికొక్కటే.

నేను ఎదెల్మీర. గుమాస్తాని.
ఎవరి దగ్గర ఏముందో రాస్తాను.
లిమాకి కాగితం పంపుతాను: రబ్బరు సీళ్లు, నలభై.
లిమా అడుగుతుంది: నలభై ఎందుకు?
జవాబు రాస్తాను.
లిమా అడుగుతుంది: తయారుచేసిన ఫ్యాక్టరీ చిరునామా?
ఆ ఫ్యాక్టరీ ఉన్న దేశమే పేరు మార్చుకుందని ఎలా రాయను?
రాశాను.
పదమూడు నెలలకి పెట్టె వచ్చింది.
లోపల పన్నెండు సీళ్లు,
అవీ ట్రాక్టరువి.

కొత్త విమానాలు కొంటారట.
నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే విన్నాను ఆ మాట.
కమిటీ మూడు దేశాలు తిరిగొచ్చి
దళసరి రంగుల పుస్తకాలు పంచింది.
సతుర్నీనో తనకిచ్చినదాన్ని
పనిబల్ల కుంటికాలు కింద పెట్టాడు.
బల్ల ఊగడం మానింది.
కమిటీ వల్ల జరిగిన మేలు లేదని నేననను.

సతుర్నీనో క్కోపా. మెకానిక్కు.
రష్యన్ మాట్లాడ్డం రాదు, చదవడం వచ్చు.
ఆ భాషలో అతనికి అన్నం తెలీదు, వాన తెలీదు,
బేరింగు తెలుసు, తుప్పు తెలుసు.
చిరిగిన మాన్యువల్ అంచుల్లో పెన్సిల్‌తో అర్థాలు రాసుకుంటాడు.
ఒక నట్టు పక్కన ఇలా ఉంది:
అది వద్దనేదాకా తిప్పు.
పూర్తిగా బిగించమనడానికి వాళ్లట్లా అంటారట.
దాని కింద తన సొంత మాట, రెండు గీతలు కొట్టి:
వద్దన్నాక తిప్పకు.

జూలైలో స్వాతంత్ర్య దినానికి
నాలుగు విమానాలు లిమా మీంచి పోవాలి.
మూడు సిద్ధం.
తొమ్మిదో నంబరు ఎడమ కాలు కీలు దగ్గర
సతుర్నీనో ఎర్ర మందు పూశాడు, తుడిచాడు,
తెల్లపొడి చల్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.
కాసేపటికి తెలుపు మీద
ఎర్రగా ఒక వెంట్రుక లేచింది.

కల్నల్ బర్రెనెచియా వచ్చాడు.
చెడ్డవాడేం కాదు, లిమా నుంచి పొద్దుటే మూడు ఫోన్లు.
గోరంతని కొండంత చేస్తావేంటయ్యా, అన్నాడు.
సతుర్నీనో భూతద్దం ఇచ్చాడు.
చాలాసేపే చూశాడు కల్నల్.
వెళ్లి రావడమే కదా, అన్నాడు, ఈసారి నెమ్మదిగా.
సతుర్నీనో పెన్ను తీసి నా బల్ల మీద పెట్టాడు,
మూత పెట్టి.

అప్పుడు నేను పుస్తకం తెరిచాను.
అవ్వ దగ్గర ఎడమ కాలు ఇంకా ఉంది.

అదిస్తే ఇక సొంతకాళ్ల మీద నిలబడదు.
ఆ మాట అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు.
రాత్రి ఎడారి చలికి జాకీ పిడి చేతికి అతుక్కుపోతోంది.
నలుగురు ఎత్తారు, ఇద్దరు రైలు దుంగలు పేర్చారు.
కోకా ఆకుల టీ కాచి మూడుసార్లు పోశాను.
కాలు ఊడేటప్పుడు
లోపలెక్కడో కిర్రుమంది. పావురాలు లేచాయి.

తెల్లవారుజామున ఆఖరి నట్టు.
సతుర్నీనో మణికట్టు తిరిగి, తిరిగి,
ఆగింది.
పెన్ను అడిగాడు.

ఇరవై ఎనిమిదిన క్యాంటీన్ టీవీలో
నాలుగు పోయాయి. పట్టుమని పది సెకన్లు లేదు.
వంటాయన చప్పట్లు కొట్టి మళ్లీ ఉల్లిపాయలు తరిగాడు.

నేనొచ్చి పుస్తకంలో రాశాను:
ఎడమ కాలు ఒకటి, మూడు నుంచి తొమ్మిదికి.
పక్కనే ఇంకో గడి ఉంటుంది, తిరిగిచ్చే తేదీ.
అక్కడ ఎప్పుడూ రాసేదే రాశాను:
కొత్తవి వచ్చాక.